లోవెల్‌లో అరటిగెల పార్టీ ఎన్నిక

అమెరికా వచ్చి ఎన్నికల డ్యూటీ చేస్తానని నేనెప్పుడూ అనుకోలేదు. చేసింది అమెరికా ఎన్నిక కూడా కాదు. కెన్యా దేశంలోని ఒక పార్టీకి మసాచుసెట్స్ రాష్ట్రంలో, లోవెల్ అనే ఊళ్లో ఓ శాఖ ఉంది. ఆ శాఖ అధ్యక్ష పదవికి జరిగిన ఎన్నిక. దాన్ని జరిపించడానికి తెనాలి నుంచి వచ్చిన రిటైర్డ్ సోషల్ టీచర్ ఎందుకు కావలసి వచ్చిందో చెబుతాను. బాస్టన్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకి దారి సంగతులు కూడా పనికొస్తాయి. పార్టీల అసలు పేర్లు, గుర్తులు మాత్రం రాయను. ఇక్కడ కనిపించే గుర్తులు నేను పెట్టినవే.

మా అమ్మాయి స్వప్న జెర్సీ సిటీలో ఉంటుంది. వాళ్ల బిల్డింగ్‌లో బట్టలుతికే మెషీన్లు కింద బేస్‌మెంట్‌లో ఉంటాయి. అక్కడ బట్టలు ఆరేదాకా కూర్చునేవాళ్లలో నాకు పరిచయమైన మనిషి గ్రేస్. నాలుగో అంతస్తులో ఉంటుంది, హాస్పిటల్లో నర్సు, ఊరు కెన్యాలో కిసుము. వాళ్ల దేశంలో ఆడవాళ్లని బిడ్డ పేరుతో పిలుస్తారట. అందుకని నేను ఆమెకి "మామా స్వప్న"ని, అంటే స్వప్న అమ్మని. చపాతీ, సమోసా, చాయ్ వాళ్ల మాటలే అని మొదటి రోజే నాతో వాదించింది. నేను ఒప్పుకోలేదు. ఆ వాదన మీదే స్నేహం కుదిరింది.

ఒకరోజు, "మీ దేశంలో మీరేం చేసేవారు?" అని అడిగింది.

"హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. ఎన్నికలొస్తే పోలింగ్ బూత్‌లో ప్రిసైడింగ్ ఆఫీసర్ని."

గ్రేస్ మడతపెడుతున్న దుప్పటి వదిలేసింది. "పెట్టెలు, సీళ్లు, లెక్కింపు, అన్నీ తెలుసా?"

తెలుసన్నాను. వాళ్ల అరటిగెల పార్టీకి చుట్టుపక్కల రాష్ట్రాలన్నిటికీ కలిపి లోవెల్ శాఖ ఒక్కటేనట. దానికి రెండుసార్లు ఎన్నిక పెట్టారట. మొదటిసారి ఇద్దరూ గెలిచామని ప్రకటించుకుని ఇద్దరూ దండలు వేయించుకున్నారు. రెండోసారి ఒకాయన బామ్మర్ది బ్యాలెట్ పెట్టెను కారు డిక్కీలో వేసుకుని వెళ్లిపోయాడు. వాళ్లలో ఎవరిని ఎన్నికల అధికారిగా పెట్టినా, "అతను ఫలానా ప్రాంతం వాడు, ఫలానావాళ్ల మనిషి" అంటున్నారు. ఎవరికీ ఏమీ కాని మనిషి ఒకరు కావాలి.

"నేను ఎవరికీ ఏమీ కాను," అన్నాను. ఆ మాట ఇంత సంతోషంగా చెప్పుకునే అవకాశం ఈ వయసులో వస్తుందనుకోలేదు.

ఇంట్లో మాత్రం గొడవయింది. "అమ్మా, నువ్వు విజిటర్ వీసా మీద వచ్చావు. పాలిటిక్స్ ఏంటి నీకు? ఏదైనా ఇష్యూ అయితే?" అంది స్వప్న.

"మన పాలిటిక్స్ కాదుగా. అమెరికా వాళ్లదీ కాదు."

"అది ఇంకా వర్స్ కదా!"

అల్లుడు లాప్‌టాప్ లోంచి తలెత్తకుండానే తీర్పు చెప్పాడు: "ఎవరైనా అడిగితే టూరిజం అని చెప్పండి అత్తయ్యా. బాస్టన్ ఎలాగూ చూపించలేదు మనం." నా ప్రయాణమూ ఆగలేదు, ఆయనకి బాస్టన్ దాకా డ్రైవ్ చేసే పనీ తప్పింది.

అక్టోబరు మొదట్లో ఒక శనివారం తెల్లవారకముందే గ్రేస్, నేను బయలుదేరాం. జెర్సీ సిటీ నుంచి నది కింద సొరంగంలో వెళ్లే రైలెక్కితే కాసేపట్లో మన్‌హాటన్. అక్కడ్నుంచి బాస్టన్‌కి బస్సు. రైలూ ఉంది గానీ అది జీతాలొచ్చేవాళ్లకి. బస్సు టిక్కెట్టు ముందుగా బుక్ చేస్తే ముప్ఫై డాలర్లలోపే. ఏసీ మాత్రం మనల్ని కూరగాయలనుకుని వేస్తారు, స్వెట్టర్ మర్చిపోకండి. నేను పులిహోర కలిపి తెచ్చాను. గ్రేస్ ఫ్లాస్కులో చాయ్ తెచ్చింది. పులిహోర తిని, "ఇది మా దగ్గర లేదు, ఇది మీదే," అని నిజాయితీగా ఒప్పుకుంది.

దారిలో వాళ్ల రాజకీయం పాఠంలా చెప్పింది. వాళ్ల దగ్గర చాలా పార్టీలు ఎన్నికల ముందు పుడతాయట, ఎన్నికలయ్యాక పెద్ద పార్టీలో కలిసిపోతాయట. నాయకుడు మాత్రం అలాగే ఉంటాడు, జెండా మారుతుంది. అతన్ని అందరూ 'మ్జే' అంటారు, అంటే పెద్దాయన.

"మా దగ్గర కండువా మారుస్తారు," అన్నాను. కండువా అంటే ఏమిటో చేత్తో మెడ చుట్టూ తిప్పి చూపించాల్సి వచ్చింది.

"మా దగ్గర టోపీ," అంది.

మా ముందు సీట్లో వరంగల్ అమ్మాయి సురేఖ ఉంది. సాఫ్ట్‌వేర్, వీకెండ్‌కి ఫ్రెండ్ దగ్గరికి వెళుతోంది. పులిహోర వాసనకి వెనక్కి తిరిగింది. పెట్టాను. సంగతంతా విని పడీ పడీ నవ్వింది.

"మన అసోసియేషన్ల గూడ గిట్లనే ఆంటీ. ఒకటుంటే రెండయినయి, రెండు నాలుగయినయి. ఇప్పుడు బతుకమ్మ నాలుగు తాన పెడుతున్నరు. మా పాపకైతే మంచిదే, నాలుగు ప్రైజులొస్తున్నయి."

కనెక్టికట్ రాష్ట్రంలో బస్సు కాసేపు ఆగింది. బాత్రూములు శుభ్రం, కాఫీ మాత్రం వేడినీళ్లకి కాఫీ గింజను దూరం నుంచి చూపించినట్టుంది. తిరిగి ఎక్కేసరికి గ్రేస్ సీట్లో నిటారుగా కూర్చుని ఫోన్ చూస్తోంది.

"ఏమైంది? ఇంట్లో ఎవరికైనా..."

"పార్టీ పోయింది," అంది.

ఫోన్ నా చేతికిచ్చింది. వీడియోలో ఇద్దరు లావుపాటి పెద్దమనుషులు వేదిక మీద కావలించుకుంటున్నారు. ఒకాయన అరటిగెల పార్టీ పెద్దాయన. ఇంకొకాయన పడవ పార్టీ అధినేత. వాళ్ల టైము ప్రకారం ఆ మధ్యాహ్నమే నైరోబీలో అరటిగెలను పడవలో కలిపేశారు. దేశం కోసమట. మేం ఏ పార్టీకి ఎన్నిక జరపబోతున్నామో ఆ పార్టీ మేం కాఫీ తాగుతుండగా లేకుండా పోయింది.

నాకు నవ్వొచ్చింది. గ్రేస్‌ని చూసి ఆపుకున్నాను. ఏడుస్తోంది. కోపంతో వచ్చే ఏడుపు.

సంగతి అప్పుడు చెప్పింది. ఆమెకి ఒకే అన్న, డేనియల్. ఉండేది లోవెల్‌లోనే. పడవ పార్టీ వాళ్లకి అక్కడ అతనే పెద్ద. క్రితం ఎన్నికలప్పుడు వాళ్ల ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అతని నాయకుణ్ణి ఈమె గాడిద అంది. అతను ఈమెను గ్రూపులోంచి తీసేశాడు. అప్పట్నుంచి మాటల్లేవు. తల్లి పోయాక ఇద్దర్నీ పెంచింది పిన్ని. ఆ పిన్నికి ఆపరేషన్ జరిగితే గ్రేస్‌కి తెలియలేదు. ఎవరో బయటివాళ్ల ద్వారా, అన్నీ అయిపోయిన తర్వాత తెలిసింది.

"వాళ్ల కోసం నేను నా అన్నను వదులుకున్నాను. వాళ్లేమో కావలించుకుంటున్నారు," అంది. "ఇద్దరూ నవ్వుతున్నారు చూడండి."

కాస్త పులిహోర పెట్టాను. తింది.

బాస్టన్‌లో దిగి, రెండు మెట్రోలు మారి, ఇంకో స్టేషన్‌కి వెళ్లి లోవెల్ రైలెక్కాలి. శని, ఆదివారాల్లో ఈ రైళ్లు పల్చగా ఉంటాయి, టైము చూసుకుని వెళ్లండి. ముప్పావుగంట ప్రయాణం. లోవెల్ ఒకప్పటి బట్టల మిల్లుల ఊరు. కాలవల పక్కన పొడుగ్గా ఎర్ర ఇటుకల మిల్లులు, ఇప్పుడు వాటిలో అపార్ట్‌మెంట్లు. చెట్ల ఆకులు పసుపు, ఎరుపు తిరిగి ఉన్నాయి. చూద్దామంటే గ్రేస్ నన్ను లాక్కుపోతోంది.

మీటింగ్ ఒక చర్చి కింది హాల్లో. ఒంటిగంటకన్నారు. మేం రెండు దాటాక వెళ్లినా ఎవరూ ఇంకా మొదలెట్టలేదు. టైము విషయంలో కెన్యా వాళ్లకీ మనకీ తేడా లేదని తెలిసి ధైర్యం వచ్చింది. గుమ్మంలో ఒక పెద్దాయన ఎదురొచ్చాడు. పేరు జోసెఫ్, అందరూ 'మ్వాలిము' అంటారు, అంటే మాస్టారు. నా కులస్థుడన్నమాట, టీచర్ల కులం. అరటిగెల శాఖకి పోటీ పడాల్సిన ఇద్దరిలో ఒకరు. రెండో ఆయన వార్త విని అసలు రానేలేదట.

"మేడమ్, నేను పోటీలోంచి తప్పుకున్నాను. ఈ వయసులో పడవ ఎక్కను," అన్నాడు. చేతిలో ప్లేటుంది. నేను ప్లేటు వైపు చూడటం గమనించి, "పదవికే రాజీనామా. భోజనానికి కాదు," అన్నాడు.

హాలు రెండుగా చీలి ఉంది. కుడివైపు పసుపు టోపీలు, ఎడమవైపు నీలం టోపీలు. పార్టీలు కలిసిపోయాయి కాబట్టి పడవ వాళ్లు కూడా దర్జాగా వచ్చేశారు. ఎవరి వైపు కుర్చీల్లో వాళ్లు కూర్చుని, మధ్యలో కలిసిపోవడానికి దారి వదిలారు. నీలం టోపీల ముందు వరసలో పొడుగాటి మనిషి, గడ్డం నెరిసింది, గ్రేస్ కళ్లే అతనికీ ఉన్నాయి. డేనియల్. చెల్లెల్ని చూసి ఫోన్‌లో ఏదో వెతుక్కోవడం మొదలెట్టాడు. గ్రేస్ సీలింగ్ ఫ్యాను చూసింది.

కలిసిన శాఖకి ఒకే అధ్యక్షుడుండాలి, ఈ రోజే తేలిపోవాలి అన్నారు. పడవ వైపు నుంచి డేనియల్ నిలబడ్డాడు. పసుపు టోపీలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మాస్టారు తప్పుకున్నాడు. ఎవరో "గ్రేస్!" అని అరిచారు. ఇంకో నలుగురు అందుకున్నారు. గ్రేస్ వద్దంటుందనుకున్నాను. లేచి నిలబడింది.

"నిలబడతాను," అంది, అన్నను చూడకుండా.

అంతలో నీలం టై కట్టుకున్న ఒకాయన లేచాడు. "ఈ మేడమ్ గ్రేస్‌తో ఒకే బస్సులో వచ్చింది. ఒకే డబ్బాలో తిన్నారు. ఈవిడ తటస్థం ఎలా అవుతుంది?"

నిజమే మరి. ఎవరికీ ఏమీ కానని వచ్చిన నేను కాఫీ దగ్గర్నుంచి ఒకరికి ఏదో అయిపోయాను. "ఆయన చెప్పింది న్యాయం. నేను తప్పుకుంటాను," అని కుర్చీలోంచి లేచాను. హాలంతా గోల. ఎవరి పేరు చెప్పినా రెండోవైపు వాళ్లు లేస్తున్నారు. ఇలా ఒక అరగంట గడిచాక డేనియల్ చెయ్యెత్తాడు.

"కూర్చోండి మేడమ్. మా చెల్లెలు దొంగతనం చెయ్యదు. గొడవే చేస్తుంది."

హాలు నవ్వింది. గ్రేస్ నవ్వలేదు, కానీ ఫ్యాను చూడటం మానేసింది.

ఇక నా రాజ్యం మొదలైంది. పెట్టె అడిగితే చర్చి వంటగదిలోంచి రైస్ కుక్కర్ అట్టపెట్టె తెచ్చారు. లోపల ఖాళీ అని నాలుగు వైపులా తిప్పి చూపించి, అంటుకాగితం వేసి, దాని మీద రెండు వైపుల వాళ్ల చేతా సంతకాలు పెట్టించాను. వేలికి సిరా లేదు. ఒకావిడ పర్సులోంచి ఊదా రంగు గోళ్ల రంగు సీసా ఇచ్చింది. అందరికీ ఎడమ చూపుడు వేలికి పూశాను. నల్లకోటు వేసుకున్న లావుపాటి ఆయన, "రేపు ప్రార్థనలో ఈ వేలు ఎవరికైనా కనిపిస్తే ఏం చెప్పాలి?" అని బాధపడ్డాడు. ప్రజాస్వామ్యం అని చెప్పమన్నాను.

ఓటు వేసేటప్పుడు అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకే సమయానికి పెట్టె దగ్గరికొచ్చారు. నువ్వు ముందంటే నువ్వు ముందని చేతులతోనే మర్యాదలు చేసుకున్నారు. చివరికి నేనే, "పెద్దవారు ముందు," అన్నాను.

లెక్కించాను. నాలుగు ఓట్ల తేడాతో గ్రేస్ గెలిచింది. ఒక ఓటు చెల్లలేదు, దాని మీద చేప బొమ్మ ఉంది. అది పడవకా, భోజనానికా అన్నది తేలలేదు.

డేనియల్ మళ్లీ లెక్కపెట్టమన్నాడు. అతని హక్కు. రెండోసారి లెక్క మొదలెట్టాను. అప్పుడు గ్రేస్ అతని ముందుకెళ్లి నిలబడి వాళ్ల భాషలో ఏదో అంది. అతను ఇంకేదో అన్నాడు. ఇద్దరి గొంతులూ పెరిగాయి. మాస్టారు నా పక్క కుర్చీలో కూర్చుని, నోట్లో ముక్క నములుతూనే నాకు ఇంగ్లిషులో చెప్పసాగాడు.

"ఆమె అంటోంది, పిన్నికి ఆపరేషన్ అయితే ఊళ్లో కూరగాయలమ్మే ఆవిడ చెప్పింది, నువ్వు చెప్పలేదని. అతనంటున్నాడు, గ్రూపులో పెట్టానని. గ్రూపులోంచి తీసిందెవరని ఆమె అడుగుతోంది. మా నాయకుణ్ణి గాడిద అన్నావు కదా అని అతను. ఇవాళ మీ నాయకుడు మా నాయకుణ్ణి కావలించుకున్నాడు, ఇప్పుడు గాడిదెవరు అని ఆమె."

"అతనేమన్నాడు?"

మాస్టారు కాసేపు విన్నాడు. "గాడిదలం మనిద్దరమే అంటున్నాడు."

రెండో లెక్క పూర్తయింది. అంకెలవే. నేను తలెత్తి చూశాను. గ్రేస్ ఇంకా మాట్లాడుతోంది. డేనియల్ టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు. నేను ఇప్పుడు ఫలితం చదివితే హాలంతా లేస్తుంది, చప్పట్లు, అరుపులు, ఆ మాట అక్కడే తెగిపోతుంది.

"లెక్క తప్పింది. మళ్లీ మొదట్నుంచి," అన్నాను.

నా సర్వీసు మొత్తంలో కావాలని లెక్క తప్పింది అప్పుడొక్కసారే. ఒక్కో చీటీ తీసి, వెలుతురుకి పట్టి, అటూ ఇటూ తిప్పి, చిన్నపిల్లకి అక్షరాలు నేర్పినట్టు చదివాను. నీలం టై ఆయన విసుక్కుంటూ వెళ్లి సమోసాలు తెచ్చుకున్నాడు. "ఇప్పుడేమంటున్నారు?" అని మాస్టార్ని అడిగాను.

"ఇక ఇక్కడ నా అవసరం లేదు," అన్నాడు ఆయన, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

డేనియల్ ఫోన్ తీసి వీడియో కాల్ చేశాడు. కెన్యాలో అర్ధరాత్రి కావస్తోంది. తెరమీద తలకి గుడ్డ కట్టుకున్న పెద్దావిడ కనిపించింది. పిన్ని. నిద్రపోలేదు, ఫలితం కోసం మేలుకుని ఉంది. ఇద్దరి తలలూ ఒకే తెరలోకి రావడానికి అన్నాచెల్లెళ్లు దగ్గరికి జరగాల్సి వచ్చింది. ఆమె ఒక ప్రశ్న అడిగింది. హాల్లో దగ్గరున్నవాళ్లు పగలబడి నవ్వారు. తర్వాత గ్రేస్ దాని అర్థం చెప్పింది: "టీవీలో పెద్దాయనలిద్దరూ ఒకటయ్యారు కదా, మరి మీరిద్దరూ ఒకరి మీద ఒకరు పోటీకి నిలబడటమేంటి, మీకు టీవీ లేదా?"

ఫలితం చదివాను. పసుపు టోపీలు ఎగిరాయి. డేనియల్ లేచి చెల్లెలికి చెయ్యి ఇచ్చాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని ఊపి ఊపి వదల్లేదు. కొత్త గుర్తు ఏదని ఎవరో అడిగితే ఒకతను బోర్డు మీద పడవ గీసి అందులో అరటిగెల పెట్టాడు. పడవ మునిగేలా ఉంది.

మేం మోటెల్‌లో రూము బుక్ చేసుకున్నాం. ఆ డబ్బు వెనక్కి రాదు. డేనియల్ వినలేదు, ఇంటికి తీసుకెళ్లాడు. అతని భార్య వేయించిన చేప, ఆకుకూర, ఉగాలి పెట్టింది. ఉగాలి అంటే మన సంకటే, తెల్లటి మొక్కజొన్న పిండితో చేస్తారు. వేళ్లతో ముద్ద చేసి గుంట నొక్కి కూర అందుకోవాలి. నేను చేత్తో తింటుంటే వాళ్లందరూ మెచ్చుకున్నారు. జీవితంలో అన్నం తిన్నందుకు చప్పట్లు కొట్టించుకున్నది అక్కడే. అన్నాచెల్లెళ్లు వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మాటలు నాకు తెలియలేదు గానీ మధ్యలో నవ్వులు వినిపించాయి.

ఆదివారం పొద్దున డేనియల్ మమ్మల్ని బాస్టన్ బస్సు దాకా డ్రైవ్ చేసి దింపాడు. నదీ, పడవలూ కారు కిటికీలోంచే చూశాను. బాస్టన్ చూశావా అని అడిగితే చూశాననే చెబుతాను. బస్సు కదిలాక స్వప్నకి ఫోన్ చేసి, "ఏ ఇష్యూ లేదు," అని చెప్పాను. "థాంక్ గాడ్. ఎవరు గెలిచారు?" అంది. దానికీ ఆసక్తి ఉన్నట్టే.

హార్ట్‌ఫర్డ్ దగ్గరికొచ్చేసరికి గ్రేస్ ఫోన్ మళ్లీ మోగడం మొదలైంది. ఒకదాని వెనుక ఒకటి మెసేజిలు. చదివి నా వైపు చూసింది. నిన్న కావలించుకున్న పెద్దాయనలిద్దరూ ఇవాళ విడిపోయారు. ఉమ్మడి పార్టీకి గుర్తు ఎవరిదుండాలన్న దగ్గర తేడా వచ్చిందట. అరటిగెల అరటిగెలే, పడవ పడవే. దాంతో మా ఎన్నిక చెల్లదు. నేను ఊదా రంగు పూసి నిండా ఒక రోజైనా కాకముందే గ్రేస్ మాజీ అధ్యక్షురాలైపోయింది.

ఈసారి ఏడుస్తుందేమోనని చూశాను. ఆమె అప్పటికే డేనియల్‌కి ఫోన్ కలిపింది. అతను ఎత్తగానే ఇద్దరూ ఒకేసారి మొదలెట్టారు. ఎవరి నాయకుడు ముందు మాట తప్పాడన్నది వాదన అని నాకు తెలుస్తూనే ఉంది, దానికి భాష అక్కర్లేదు. నేను చూసిన ఎన్నికల్లో పోటీ చేసినవాళ్లు మర్నాటికి ఎదురుపడితే తల తిప్పుకునేవాళ్లు. ఇక్కడ పార్టీలు కలిసి, విడిపోయి, పదవి వచ్చి, పోయింది. వాళ్లు మాత్రం ఇంకా మాట్లాడుకుంటున్నారు.

న్యూయార్క్ ఇంకా రెండు గంటల దూరం ఉందనగా డ్రైవర్ మైకులో, ఫోన్లో గట్టిగా మాట్లాడేవాళ్లు దయచేసి తోటి ప్రయాణికుల గురించి ఆలోచించాలన్నాడు. బస్సంతా మా సీటు వైపే తిరిగింది. గ్రేస్ క్షమించమన్నట్టు అందరికీ చెయ్యి ఊపి, గొంతు తగ్గించింది. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.